నీటి లెక్క తేలని తోట

(సంఘ సర్వసభ్య సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



లత్తేరిలో మన సంఘము కట్టించుచున్న అంగళ్ళ భవనమునకు పైకప్పు పడినది. క్రింద పన్నెండు అంగళ్ళు, మీద ఒక హాలు. అంగళ్ళ అద్దెతో మన పిల్లల తెలుగు తరగతి, పుస్తకముల గది నడువవలెనని మన సంకల్పము. ఇక మిగిలినది భవనము చుట్టూ వేయవలసిన తోట, దానికి నీటి ఏర్పాటు. ఆ ప్లానును చదివి అభిప్రాయము చెప్పుమని కార్యవర్గమువారు నాకు అప్పగించినారు. నేను ఇంజనీరును కాను. రైల్వే గుమాస్తాను. వచ్చిన కాగితములో జమ ఎంత, ఖర్చు ఎంత అని చూచుట నాకు అలవాటు. ఆ చూపుతోనే ఈ ప్లానును కూడ చదివితిని.

ముందుగా ఒక మాట ఒప్పుకొనవలెను. ఈ ప్లాను రంగుల బొమ్మను మొదటిసారి మనకు చూపినప్పుడు బాగున్నదని చేయి ఎత్తినవారిలో నేనొకడిని. ముందు వైపు ఆకుపచ్చని తివాచీవలె పచ్చిక, గోడ పొడవునా ఒకే ఎత్తున చెట్ల వరుస, మధ్యమధ్య నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్లు. బొమ్మలో ఎండ కూడ చల్లగానే ఉన్నది. మన మే నెల ఎండ ఆ బొమ్మలో లేదు. ఆ సంగతి నాకు ఇంటికి పోయి కాగితము, పెన్సిలు తీసుకొన్న తరువాతగాని తట్టలేదు.

లెక్క చిన్నదే. ఒక చదరపు మీటరు నేలమీద ఒక మిల్లీమీటరు నీరు నిలిచిన అది ఒక లీటరు. పచ్చికకు ఎండకాలములో రోజుకు అయిదు మిల్లీమీటర్లు పోయవలెననుకొందము. ప్లానులో పచ్చిక 2,400 చదరపు అడుగులు, అనగా సుమారు 223 చదరపు మీటర్లు. రోజుకు 1,100 లీటర్లకు పైగా కావలెను. మార్చి మొదలు జూను ఆఖరు వరకు 122 రోజులకు సుమారు 1 లక్షా 36 వేల లీటర్లు. స్ప్రింక్లరు చిమ్మగా గాలిలో ఆవిరియై పోయినది, బాటమీద పడినది ఈ లెక్కలో చేరలేదు.

ఇంత నీరు అనగా ఎంతో కన్నులకు కట్టవలెనన్న 2019 సంవత్సరమును జ్ఞాపకము చేసుకొనుడు. ఆ ఎండకాలము చెన్నపట్టణపు చెరువులు ఎండిపోగా, జులై 12వ తేదీన జోలార్‌పేట నుండి విల్లివాక్కమునకు మొదటి నీళ్ళ రైలు బయలుదేరినది. 50 వ్యాగన్లు, ఒక్కొక్కదానిలో 50 వేల లీటర్లు, మొత్తము 25 లక్షల లీటర్లు. ఆ బండి పోయినది మన లత్తేరి పట్టాలమీదుగానే. ఒక మహానగరము దాహము తీర్చుకొనుటకు రైలు వ్యాగన్లలో నీరు తెప్పించుకొనవలసి వచ్చినది. మన ముంగిటి పచ్చిక ఒక్క ఎండకాలములో త్రాగు నీరు ఆ బండిలో దాదాపు మూడు వ్యాగన్లు.

ఆ నీరు ఎక్కడినుండి వచ్చునని ప్లానులో వెదకితిని. "బోరుబావి నుండి" అని ఒక్క మాట ఉన్నది. ఆ మాట దగ్గరనే నేను ఆగిపోయితిని.

మన నేల రాతినేల. పైమట్టి దిగిన తరువాత రాయి. ఆ రాతి పగుళ్ళలో నిలిచిన నీరే బోరులో వచ్చు నీరు. ఆ పగుళ్ళకు మన సరిహద్దు గోడతో పనిలేదు. తూర్పున మల్లెతోట వేసి బ్రతుకు కుటుంబము ఒకటి ఉన్నదని మీ అందరికి తెలియును. పునాదులు వేయునాడు మన మోటారు చెడిపోయినప్పుడు కాంక్రీటు తడుపుటకు తొమ్మిది రోజులు తమ బావినీరు ఇచ్చినది వారే. డబ్బు ఇవ్వబోగా పుచ్చుకొనలేదు. మన పచ్చిక కొరకు మన బోరు రోజూ గంటలకొద్ది లాగినచో మొదట దిగిపోవునది వారి బావి. మల్లె వారికి అలంకారము కాదు, అన్నము.

భూమిక్రింది నీరు ఇరుగుపొరుగువారి ఉమ్మడి సొత్తని మన పాలాటి ఒడ్డువారికి వేరొకరు చెప్పనక్కరలేదు. ఒకప్పుడు పాలాటి ఇసుకలో ఊటకాలువలు త్రవ్వి, ఊరివారందరు కూడి పూడిక తీసుకొని పంటలు పండించుకొన్నారు. తరువాతి కాలములో తోళ్ళ కర్మాగారముల మురుగు అదే ఏటిలోనికి, అదే నేలలోనికి దిగి బావులు చెడినవి. ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు పోగా, 1996 ఆగస్టులో తీర్పు వచ్చినది. చెరిచినవాడే నష్టము భరించవలెనను సూత్రమును ఆ తీర్పు మన దేశపు చట్టములో భాగముగా అంగీకరించినది. పాలారు పేరు న్యాయశాస్త్ర గ్రంథములలోనికి ఎక్కినది ఆ విధముగా. మనము మురుగు వదలుటలేదు, నిజమే. కాని ప్రక్కవాని బావిని ఎండగట్టుట కూడ చెరచుటయే అని నా మనస్సుకు తోచుచున్నది.

ఇక జమ వైపు చూతము. మన పైకప్పు 6,000 చదరపు అడుగులు, సుమారు 557 చదరపు మీటర్లు. ఏటికి 900 మిల్లీమీటర్ల వానయే లెక్కలోనికి తీసుకొని, అందులో అయిదవ వంతు పోయినదనుకొన్నను, 4 లక్షల లీటర్లు మన కప్పుమీదనే పడును. తమిళనాడులో 2003 నుండి ప్రతి భవనమునకు వాననీటిని పట్టు ఏర్పాటు తప్పనిసరి. ప్లానులో ఆ ఏర్పాటు ఉన్నది, లేదనను. కాని ఇంకుడు గుంతను మరుగుదొడ్ల సెప్టిక్ ట్యాంకుకు ఆరడుగుల దూరములో గీసినారు. శుభ్రమైన వాననీటిని తీసుకొనిపోయి మురుగు ప్రక్కన దింపుట అది. సంపు 20,000 లీటర్లది. ఒక్క రాత్రి 45 మిల్లీమీటర్ల వాన కురిసిన అది నిండును. ఆపైన వచ్చునదంతయు రోడ్డు కాలువలోనికి పోవునట్లు గొట్టము వేసినారు. 2021 నవంబరులో పాలారు ఒడ్డులొరసి పారినది మనము చూచితిమి. నీరు వచ్చినప్పుడు పట్టుకొనక, లేనప్పుడు బోరును నమ్ముకొను తోట ఎన్నాళ్ళు నిలుచును?

చెట్ల విషయము. గోడ పొడవునా ఉన్న ఆ వరుస కోనోకార్పస్ అను చెట్టు. త్వరగా ఎదిగి పచ్చగా ఉండును గనుక అందరికి ముచ్చట వేయును. కాని దాని వేళ్ళు నీటి గొట్టములలో, మురుగు కాలువలలో చొరబడునని అనుభవముమీద తెలిసి గుజరాతు ప్రభుత్వము 2023లోను, మన తమిళనాడు ప్రభుత్వము 2025లోను దానిని నాటరాదన్నవి. ప్లాను గీసినవారు పాత పట్టీనుండి ఎత్తివ్రాసి ఉందురు. గోడకు మూడడుగుల దూరములో ఏ పెద్ద చెట్టును నాటరాదు. అది వేరే మాట.

నాటనున్న చెట్టుకన్న కొట్టనున్న చెట్టు సంగతి ముఖ్యము. ఈశాన్యపు మూల వేపచెట్టు చుట్టూ ఎర్ర సిరాతో ఒక సున్న చుట్టి "తొలగింపు" అని వ్రాసినారు. రెండు కార్లు నిలుపుటకట. ప్రతి సంవత్సరము ఉగాది పచ్చడికి మనము పువ్వు ఏరుకొనుచున్నది ఆ చెట్టు క్రిందనే. ఆ చెట్టుకు ఎవరును నీళ్ళు పోయలేదు. స్ప్రింక్లరు లేదు, బోరు లేదు. ఎన్ని కరవులు చూచినదో చూచి, మనకు నీడ, పువ్వు ఇచ్చుచున్నది. నీళ్ళు అడగని చెట్టును కొట్టి, రోజుకు 1,100 లీటర్లు అడుగు గడ్డిని వేయుట ఏ లెక్కకును అందదు. దాని వేళ్ళు పునాదిని చెరచునేమోనని ఇంజనీరుగారి భయము. చెట్టుకు, గోడకు మధ్య పద్దెనిమిది అడుగులున్నవి. కార్లకు బదులు సైకిళ్ళ, మోటారు సైకిళ్ళ తావును దాని నీడకు మార్చినచో ఇద్దరి మాట చెల్లును.

ఇదంతయు కొత్త సంగతి అనుకొనకుడు. హైదరాబాదులో హైటెక్ సిటీ వద్ద సోరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటరు అను భవనము ఉన్నది. 2004 జులై 14న నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాంగారు దానిని ప్రారంభించినారు. అక్కడ కప్పుమీద తోట పెంచినారు. వాడిన నీటిని బయటకు వదలక, మొక్కల వేళ్ళగుండా పారించి శుభ్రపరచి, తోటకే మరల వాడుదురు. పర్యావరణ భవనములకిచ్చు ప్లాటినం శ్రేణిని మన దేశములో మొదట పొందినది అదే. అంత భవనము మనది కాదు, అంత సొమ్ము మనకు లేదు. కాని చేతులు కడిగిన నీటిని మొక్కకు పోయుట మన అమ్మలు పెరటిలో చేసిన పనియే గదా! వంటింటి తూము దగ్గర అరటి, మెట్టతామర ఎందుకు పెట్టిరో అక్కడికి పోయి వచ్చిన తరువాత నాకు అర్థమైనది.

కావున నేను మరియొక లెక్క వేసితిని. పచ్చికకు బదులు వేప, కానుగ, పొగడ, నందివర్ధనము, మందారము వంటి మన నేలకు అలవాటైనవి నాటుదము. ఇరువదియైదు చెట్లకు మొదటి రెండు మూడేండ్లు రోజుకు పది లీటర్ల చొప్పున 250, అరువది పొదలకు రెండు లీటర్ల చొప్పున 120, మొత్తము 370 లీటర్లు. డ్రిప్పు గొట్టముతో వేరు దగ్గరనే బొట్టుబొట్టుగా పడవలెను. అంగళ్ళలో, హాలులో రోజుకు నలుబదిమంది మసలుదురనుకొని, చేతులు కడుగుటకు మనిషికి పది లీటర్లన్నచో 400 లీటర్లు వచ్చును. మరుగుదొడ్ల నీటిని దీనిలో కలుపరాదు. ఇసుక, కంకర వేసి మెట్టతామర నాటిన చిన్న తొట్టిగుండా ఈ నీటిని పారించిన, మొక్కల అవసరము అక్కడికక్కడే తీరును.

భవనమునకు ముఖము అందముగా ఉండకున్న అద్దెకు ఎవరు వచ్చెదరని కోశాధికారిగారు అడిగినారు. న్యాయమైన ప్రశ్న. వారి మాట మన్నించి గుమ్మము ఎదుట 200 చదరపు అడుగుల పచ్చిక ఉంచుదము. దానికి రోజుకు 93 లీటర్లు. మొత్తము ఖర్చు 463, జమ 400. రోజువారి లోటు, అంగళ్ళు మూసియుండు ఆదివారముల లోటు కలిపి నాలుగు నెలలకు సుమారు 14,500 లీటర్లు. మార్చి నాటికి సంపు నిండి ఉన్నచో అది చాలును. బోరు త్రాగునీటికి, ఆపదకు మాత్రమే మిగులును. మొదటి ప్లాను ప్రకారమైతే అదే సంపు పచ్చికకు పద్దెనిమిది రోజులు వచ్చును. పందొమ్మిదవ రోజునుండి ట్యాంకరు బండిని పిలువవలెను. ఆ బిల్లు చెల్లించునది అంగళ్ళ అద్దె. ఆ అద్దె పిల్లల తెలుగు తరగతిది. మన పిల్లలు వీధిలో తమిళము, బడిలో ఇంగ్లీషు నేర్చుకొనుచున్నారు, సంతోషమే. వారికి అ ఆలు చెప్పు పంతులుగారి జీతమును గడ్డికి పోయుటకు మనలో ఎవరికి చేతులు వచ్చును?

చివరిమాట, ప్లానులో ఎక్కడను లేనిది. నీళ్ళు విడుచునది ఎవరు? వాల్వు త్రిప్పుట, వారమునకొకసారి డ్రిప్పు వడపోతను కడుగుట, తొట్టిలో పేరుకొన్నది తీయుట ఎవరి పని? ఆవిరి ఇంజన్ల కాలములో ఏ స్టేషనులో నీరు పట్టవలెనో ముందు నిర్ణయించిన పిమ్మటనే బండ్ల వేళలు వ్రాసెడివారట. ఆ పనికి అక్కడ ఒక మనిషి ఉండెడివాడు. మనిషి పేరు వ్రాయని పని రెండవ నెలలో ఆగును. మన సభ్యులలో నెలకిద్దరు చొప్పున పేర్లు వ్రాసి, హాలు తలుపుకు అంటింపవలెను. మొదటి నెలకు నా పేరు వ్రాసికొనుడు.

కావున సభవారికి నా విన్నపము ఇది. పచ్చికను 200 చదరపు అడుగులకు తగ్గింపవలెను. కోనోకార్పస్‌ను తీసివేయవలెను. ఇంకుడు గుంతను సెప్టిక్ ట్యాంకుకు దూరముగా పడమటి చివరకు మార్చి, సంపు పొంగిన నీటిని దానిలోనికి మళ్ళింపవలెను. స్ప్రింక్లర్లకు బదులు డ్రిప్పు వేసి, బోరుకు మీటరు పెట్టవలెను. వేపచెట్టు చుట్టూ ఉన్న ఎర్ర సున్నను కొట్టివేయవలెను. ఈ మార్పులు కాగితముమీదనే జరుగవలెను. గొట్టములు పూడ్చిన తరువాత మార్చుట రెండింతల ఖర్చు.

మొదట నేను చేయి ఎత్తినది బొమ్మను చూచి. ఈసారి లెక్క చూచి ఎత్తెదను. మీరును లెక్క చూచియే ఎత్తుడని కోరుచున్నాను. వచ్చే ఉగాదికి కూడ అదే చెట్టు క్రింద మనమందరము పువ్వు ఏరుకొందుముగాక, మల్లెతోటవారి బావిలో నీరుండుగాక అని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.