పొట్ట వచ్చిన గోడ

(సిరికొండలో మన సంస్థ వార్షిక సభలో చేసిన ప్రసంగం)



ఏటా నన్ను చదువు గురించి మాట్లాడమంటారు. ఎవరి పిల్లలకు ఎక్కడ సీటు వచ్చిందో చెప్పి దిగిపోతాను. ఈసారి గోడల గురించి చెబుతానంటే కార్యదర్శి గారు నవ్వారు. నేను బీఎడ్ చదివినవాణ్ణి, మేస్త్రిని కాను. కానీ నావల్ల ఒక పొరపాటు జరిగింది. అదీ మీరిచ్చిన డబ్బుతో జరిగింది. అందుకే మీ ముందే చెప్పాలనుకున్నాను.

కొన్నేళ్ల కిందట నా తరగతిలో ఒక అబ్బాయి పుస్తకాలు ఎప్పుడూ తడిసి ఉండేవి. కోప్పడి, తర్వాత ఇంటికి వెళ్లి చూశాను. నానమ్మ, మనవడు, ఇద్దరే. రాయీ మట్టీ కలిపి కట్టిన పాత పెంకుటిల్లు. వీధి వైపు గోడ నడుము ఎత్తులో లోపలికి పొట్ట వచ్చి ఉంది. "మాస్టర్ సాబ్, గోడ కడుపుతోటి ఉన్నది, ఎప్పుడు కంటదో" అని ఆమె నవ్వింది. నేను నలుగురి దగ్గర పైసలు పోగుచేసి, ఈద్ లోపల సిమెంటు ప్లాస్టరింగ్ చేయించి, రంగు వేయించాను. ఇల్లు మెరిసింది. అందరూ మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నాను.

మరుసటి వానాకాలం ఒక రాత్రి ఆ గోడ కూలింది. ఆ రాత్రి వాళ్లిద్దరూ అవతలి అర్రలో పడుకున్నారు కాబట్టి బతికారు. రెండు మేకలు పోయాయి.

పొద్దున శిథిలాలు ఎత్తిపోయడానికి వచ్చిన ముసలి మేస్త్రి ఒక రాయి పట్టుకుని చూపించాడు. మన పాత గోడలు చూడటానికి రెండడుగుల మందం ఉంటాయి గానీ, నిజానికి అది ఒక గోడ కాదు, రెండు. బయట ఒక వరుస రాళ్లు, లోపల ఒక వరుస, నడుమ చిన్న రాళ్లూ మట్టీ. రెండు వరుసలనూ కలిపి పట్టే పొడుగు రాళ్లు అక్కడక్కడా పెట్టాలి. తొందరలో కట్టినవాళ్లు పెట్టలేదు. నీళ్లు దిగితే నడుమనున్న మట్టి మెత్తబడి కిందికి జారి, రెండు వరుసలనూ చెరో వైపు తోస్తుంది. ఆ తోపుకే గోడకు పొట్ట వస్తుంది. నేను వేయించిన సిమెంటు ఆ తోపును ఆపలేదు సరికదా, లోపలి తడి ఆరకుండా మూత పెట్టింది. పగులు కనిపించకుండా కప్పేసింది కూడా. మట్టి గోడకు మట్టి పూతో, సున్నపు పూతో ఉండాలి. అవి తడిని బయటికి వదులుతాయి.

మరి నీళ్లు ఎక్కడివి? ఇంటికి వెళ్లేటప్పుడు మీ వీధిలో పాత ఇళ్ల గడపలు గమనించండి. మా చిన్నప్పుడు మూడు మెట్లు ఎక్కి లోపలికి వెళ్లిన ఇంట్లోకి ఇప్పుడు మెట్టు దిగి వెళ్తున్నాం. పాత సీసీ రోడ్డును తవ్వకుండా దాని మీదే కొత్తది పోస్తే వీధి పెరుగుతుంది, ఇల్లు గుంతలో పడుతుంది. పట్నంలో సెల్లార్ కడితే చుట్టూ మట్టి తోస్తుందని ఇంజనీరు ఇనుము లెక్కగట్టి గోడ పోయిస్తాడు. మన పేదింటి గోడ పైనున్న దూలాలు, వాసాలు, పెంకుల బరువు మోయడానికి కట్టింది. పక్క నుంచి వచ్చే తోపుకు కట్టింది కాదు. ఎవరికీ తెలియకుండా అది సెల్లార్ గోడ అయిపోయింది. దానికి తోడు చూరు నీళ్లు గోడ మొదట్లోనే పడతాయి, జాలారు నీళ్లు అక్కడే ఇంకుతాయి. పొడి మట్టి కంటే తడిసిన మట్టి బరువెక్కువ, తోపూ ఎక్కువ.

బోధన్ వైపు సంగతి కొంచెం వేరు. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లతో చెరకు పండించిన ఆ నల్లరేగడి, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలు విడుస్తుంది. పునాది లోతుగా లేని గోడ ఏటా ఒకసారి లేచి ఒకసారి కూర్చుంటుంది. అక్కడ గోడకు ఎంత చేసినా లాభం లేదు, ముందు నేల సంగతి చూడాలి. ఇంటి చుట్టూ మూడడుగుల వెడల్పున బయటికి వాలుగా గచ్చు వేసి, నీళ్లు మోరీలో కలిసేటట్టు చేస్తే నేల ఉబ్బడం చాలావరకు తగ్గుతుంది. గోడకు ఆనుకుని ఉన్న కుళాయిని మార్చడం అన్నిటికంటే చవక పని.

నిరుడు ఇంకో ఇంటికి ఇదే జబ్బు వస్తే, ఈసారి మేస్త్రి చెప్పినట్టే చేశాం. మొదట లోపలి వైపు ఏటవాలుగా దుంగలు ఊతం పెట్టి, కింద పలక వేసి కప్పు బరువు ఆపాం. తర్వాత పంచాయతీ వాళ్లతో మాట్లాడి, బయట గోడ పొడవునా మట్టి తవ్వించాం. ఒక్కసారిగా కాదు, నాలుగడుగులు తవ్వి, అది నింపాకే అవతలి నాలుగడుగులు. మొత్తం ఒకేసారి తవ్వితే గోడ మన మీదికే వస్తుంది. తవ్విన చోట కంకర నింపి, అడుగున గొట్టం పెట్టి మోరీకి కలిపాం. అప్పటికి గోడ చెమ్మ తగ్గింది. ఆ తర్వాతే గోడ పని.

ఇక్కడ ఒక దూరపు ఊరి పేరు చెప్పాలి. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూరు జిల్లా కిల్లారిలో భూకంపం వచ్చినప్పుడు వేల మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువ మందిని చంపింది ఇలాంటి రాయి, మట్టి గోడలే. నిలిచిన ఇళ్లను బాగుచేయడానికి అక్కడ ఒక పద్ధతి వాడారు. గోడకు ఈ వైపు నుంచి ఆ వైపుకు చిన్న రంధ్రం చేసి, వంపు తిప్పిన ఇనుప చువ్వ పెట్టి, కాంక్రీటు నింపడం. అది ఆరాక పొడుగు రాయి చేసే పనే చేస్తుంది. మేమూ గోడ నిడివిలో నాలుగడుగులకు ఒకటి, ఎత్తులో రెండడుగులకు ఒకటి చొప్పున పెట్టించాం. బాగా ఉబ్బిన చోట రాళ్లు విప్పి మళ్లీ కట్టించి, లోపల రెండు ఆసరా దిమ్మెలు గట్టి నేల దాకా పునాది తీసి నిలబెట్టాం. అర్ర కొంచెం ఇరుకైంది. ఆ ఇంటావిడ ఇప్పటికీ అది ఎత్తిచూపుతుంది. వానాకాలం మాత్రం గడిచింది.

మీలో కొందరు అడుగుతారు, సొంత ఇల్లున్నవాళ్లకు జకాత్ ఎలా అని. ఉండటానికి వాడుకునే ఇల్లు నిసాబ్ లెక్కలోకి రాదని మన ఉలమా చెబుతారు. డబ్బు మాత్రం ఆ మనిషి చేతికే ఇచ్చి సొంతం చేయాలి, మేస్త్రికి ఆమే ఇస్తుంది. వివరం కావాలంటే ఇమామ్ సాబ్‌ను అడగండి, నా మాట మీద ఆగకండి. శుక్రవారం చదివే సూరా కహఫ్‌లో పడిపోబోతున్న గోడను కూలి అడగకుండా నిలబెట్టిన సంగతి మీ అందరికీ తెలుసు. ఆ గోడ ఇద్దరు అనాథ పిల్లలది. నేను ఆ సూరా ఎన్ని వందల సార్లు చదివానో, మేకలు చచ్చిన రోజు దాకా గోడ వైపు చూడలేదు.

ఇప్పుడు రంజాన్ ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తోంది. ఈద్ తర్వాత వానలకు రెండు నెలల పైన వ్యవధి ఉంటుంది. జూన్‌లో మీరిచ్చే డబ్బుతో టార్పాలిన్ కొనగలం. ఏప్రిల్‌లో ఇస్తే గోడ నిలబెట్టగలం. 2023 జూలైలో మన జిల్లా వేల్పూరులో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. అలాంటి రాత్రి టార్పాలిన్ ఏం చేస్తుంది?

మీ వీధిలో ఇలాంటి గోడ ఉంటే దారానికి తూకం గుండు కట్టి పై నుంచి వదలండి. దారానికీ గోడకూ మధ్య ఎక్కడ ఎంత ఎడం ఉందో కొలిచి, గోడ మీదే పెన్సిలుతో తేదీ వేసి రాయండి. పగులుకు అటూ ఇటూ రెండు గీతలు గీసి, వాటి మధ్య దూరం కూడా రాయండి. నెల తర్వాత మళ్లీ కొలవండి. లెక్క మారితే గోడ ఇంకా కదులుతోందన్నమాట, ఆ అర్రలో ఎవరినీ పడుకోనివ్వకుండా మాకు కబురు చేయండి. మా పదో తరగతి పిల్లలు ఆరుగురు ఈ కొలత నేర్చుకున్నారు. ఈ ఆదివారం జొహర్ తర్వాత పాత బస్తీ వీధుల్లో మొదలుపెడుతున్నాం. గుండ్లు మూడే ఉన్నాయి, ఎవరింట్లోనైనా ఉంటే తెచ్చిపెట్టండి.