చిన్న వర్తకునకు వకీలుతో పని

కోర్టున గెలిచినవాడు ఇంటికి పోయి ఏడ్చెననియు, ఓడినవాడు అక్కడనే ఏడ్చెననియు మనలో ఒక సామెత కలదు. వ్యాజ్యమునకు సిద్ధపడిన ప్రతివానికిని గ్రామపెద్దలు ఈ సామెత చెప్పి వెనుకకు మరల్చుచుందురు. నేనును ఎన్నోమారులు చెప్పితిని. అది మంచిమాటయే. కాని దానితోపాటు ఎవరును చెప్పకయే మనము మరియొక మాట నేర్చుకొంటిమి. వకీలు గడప త్రొక్కుటయే నష్టమనునది ఆ రెండవ మాట. అది తప్పు. ఆ తప్పువలన మా కుటుంబములోనే ఆరు లక్షల నలుబది వేల రూపాయలు పోయినవి. అందులో నా చేతివ్రాత కూడ ఉన్నది గనుక ఆ సంగతి ముందుగా మనవి చేసెదను.

మా మేనల్లుడును, అతని తోడల్లుడును కలసి తెనాలిలో పసుపు పొడి కొట్టు చిన్న మర యొకటి పెట్టదలచిరి. దుగ్గిరాల మార్కెట్టు దగ్గరనే ఉన్నది. సరకునకు కొదువ లేదు. ఇరువురును స్టాంపు కాగితము తెచ్చి నా ముందు పెట్టి, భాగస్వామ్యపు కాగితము వ్రాసి పెట్టుమనిరి. "వకీలుగారికి ఒకమారు చూపింతుమా, మామయ్యగారూ?" అని మేనల్లుడు అడిగెను. "మనలో మనకు వకీలెందుకురా?" అంటిని. పెట్టుబడి సగము సగము, లాభనష్టములు సగము సగము అని ఒకటిన్నర పుట వ్రాసితిని. ఇద్దరు సాక్షులు సంతకములు చేసిరి. అందరము కాఫీ త్రాగితిమి.

వ్యాపారము బాగుగనే సాగినది. పొరుగూరి వర్తకుడొకడు అరువుమీద సరకు తీసికొనుచు, కొంత చెల్లించుచు, కొంత నిలువ పెట్టుచు, తుదకు నేను చెప్పిన మొత్తము బాకీ పడెను. అడిగినప్పుడెల్ల "వచ్చే పంటకు" అని ఫోనులో తియ్యగా చెప్పెడివాడు. ఈలోగా తోడల్లుండ్రకు లెక్కలలో తేడాలు వచ్చి మాటలు నిలిచిపోయినవి. బాకీకి మూడేండ్లు నిండుటకు ఇంక ఇరువదిరెండు దినములున్నవనగా మేము తెనాలిలో ఒక న్యాయవాదియొద్దకు పోతిమి. ఆయన నేను వ్రాసిన కాగితము ఆసాంతము చదివి ఒకే ప్రశ్న వేసెను: "ఈ ఫరము రిజిస్టరు అయినదా?"

కాలేదు. ఆ మాట నాకు తెలియనే తెలియదు. 1932వ సంవత్సరపు భాగస్వామ్య చట్టమున 69వ సెక్షను ఒకటి కలదు. ఫరములు నమోదుచేయు రిజిస్ట్రారునొద్ద నమోదు కాని ఫరము, తన వర్తకపు ఒప్పందమునుబట్టి రావలసిన బాకీకై బయటివారిపై దావా వేయజాలదు. నమోదు తప్పనిసరి అని చట్టము చెప్పదు. చేసికొనకున్న శిక్షయు లేదు. కాని కోర్టు తలుపు మాత్రము తెరచుకొనదు. ఇందులో మరియొక వింత కలదు. బాకీదారుడు మాత్రము మనపై నిరాటంకముగ దావా వేయవచ్చును.

అప్పటికైనను నమోదు చేయింతమన్న, ఆ దరఖాస్తుపై భాగస్వాములందరును సంతకము చేయవలెను. లెక్కలు తేలనిదే సంతకము చేయనని తోడల్లుడు భీష్మించెను. అతనిని తప్పుపట్టలేను, లెక్కలు ఎవరు, ఎప్పుడు, ఎట్లు చూడవలెనో నా ఒకటిన్నర పుటలో లేదు. ఇరువదిరెండు దినములును గడచినవి. బాకీకి కాలదోషము పట్టినది.

కాలదోషమన్నమాట మీకు క్రొత్త కాదు. ప్రామిసరీ నోటుకు మూడేండ్లు మించకుండ చెల్లు వేయించుకొనుట మన యూళ్ళలో చదువురాని వారికిని తెలియును. కాని నోటునకు తెలిసినది ఖాతాకు మరచెదము. 1963వ సంవత్సరపు కాలపరిమితి చట్టము ప్రకారము, అరువిచ్చిన సరకు ధరకును మూడేండ్లే గడువు. సరకు అప్పగించిననాటి నుండియో, గడువు పెట్టి ఇచ్చినచో ఆ గడువు తీరిననాటి నుండియో లెక్క. ఆ లోపల బాకీదారుడు ఇంత ఈయవలసియున్నదని వ్రాసి సంతకము చేసినను, కొంత సొమ్ము చెల్లించి ఆ చెల్లింపును తన చేతితో వ్రాసియో, వ్రాతక్రింద సంతకము పెట్టియో ఇచ్చినను, ఆనాటినుండి మరల మూడేండ్లు. ఫోనులో పలికిన తియ్యని మాటకు అట్టి శక్తి లేదు. ఈ సంగతి చెప్పుటకు న్యాయవాదికి అర్ధగంట చాలును. ఆ అర్ధగంటకు ఫీజు ఈయ నిష్టము లేక మేము ఆరు లక్షలు పోగొట్టుకొంటిమి.

కావున నేను చెప్పదలచినదిది: వకీలును చూడవలసినది బేరము చెడిననాడు కాదు, బేరము వ్రాసికొన్ననాడు. భాగస్వామ్యపత్రము, అంగడి అద్దె కాగితము, పరుల అప్పునకు హామీ సంతకము, పెద్ద మొత్తములలో అరువు ఇచ్చుట — ఈ నాలుగింటికి ముందే చూడవలెను. రేపల్లె, నిజాంపట్నము ప్రాంతమున రొయ్యలు పెంచువారు దూరపు కొనుగోలుదారులకు సరకు పంపుచుందురు. ఆ కొనుగోలుదారుని కాగితముల అడుగున, వివాదములు ఫలానా దూరపు నగరపు న్యాయస్థానములలోనే తేల్చుకొనవలెనని చిన్న అక్షరములలో అచ్చువేసియుండుట కలదు. ఆ పంక్తి చదువక సంతకము పెట్టినచో, సరకు ఎక్కించినది రేపల్లెలోనే యైనను, రావలసిన సొమ్ముకై ఆ నగరమునకే పోయి తిరుగవలసి రావచ్చును.

చెక్కు చెల్లక తిరిగివచ్చినప్పుడు మాత్రము ఒక దినమైనను ఆగరాదు. బ్యాంకునుండి సమాచారమందిన 30 దినములలోపల వ్రాతపూర్వకముగ నోటీసు ఈయవలెను. అది అందిన 15 దినములలో సొమ్ము చెల్లింపకున్నచో, ఆపైన ఒక నెలలోపల ఫిర్యాదు దాఖలు కావలెను. వచ్చే వారము చూతమనువాడు ఇక్కడనే చెడును.

అన్నిటికిని వకీలు వలయునని నేననను. జీఎస్టీ లెక్కలు ఆడిటరు చూచును. చిన్న పరిశ్రమలకు ఉద్యమ్ నమోదు రుసుము లేకయే ఇంటినుండి చేసికొనవచ్చును. ఎవడైన దానికి వేలు అడిగినచో మోసమని యెరుగుడు. వినియోగదారుల కమిషను ఎదుట ఎవరి కేసు వారే చెప్పుకొనవచ్చును.

ఇక మంచి న్యాయవాదిని ఎట్లు పోల్చుకొనుట? పూర్వము బారిష్టరు, హైకోర్టు వకీలు, ఒకటవ తరగతి ప్లీడరు, రెండవ తరగతి ప్లీడరు అని మెట్లుండెడివి. కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరిగారు డబ్లినులో న్యాయశాస్త్రము చదివివచ్చి, పిమ్మట తెనాలిలో స్థిరపడి, 1925లో పురపాలక సంఘాధ్యక్షులైన కాలమున, పేరు ప్రక్కనున్న బిరుదునుబట్టియే జనులు మెట్టు తెలిసికొనెడివారు. 1961వ సంవత్సరపు అడ్వకేట్ల చట్టముతో ఆ తరగతులు పోయినవి. నేడు సీనియరు అడ్వకేటను హోదా యొకటి తప్ప, అందరును అడ్వకేటులే. వారు తమ్ము గూర్చి ప్రకటనలు చేసికొనుటను బార్ కౌన్సిలు నియమములు ఒప్పవు. కాబట్టి పెద్ద ప్రకటనతో పిలుచువానిని ఆ కారణముననే అనుమానింపవచ్చును.

కన్యాశుల్కము చదివినవారికి ప్రైవేటు వకీలు నాయుడును, సౌజన్యారావు పంతులుగారును జ్ఞాపకముందురు. గురజాడవారు ఒకే నాటకములో ఈ రెండు రకములను చూపిరి. నాయుడి వంశము అంతరింపలేదు. కోర్టు ఆవరణలో చెట్టుక్రింద నిలుచుండి, "జడ్జీగారి దగ్గర మనకు పలుకుబడి ఉన్నది" అనువారు నేడును కనబడుదురు. అట్టివానితో మాటలు పెంచక ముందుకు సాగుడు. న్యాయస్థానము బహిరంగమైన చోటు. తెనాలిలోగాని, బాపట్లలోగాని, రేపల్లెలోగాని ఒక ఉదయము పోయి వెనుక బల్లమీద కూర్చుండుడు. ఎవరు కాగితములు చదువుకొని వచ్చిరో, ఎవరు ఊరక వాయిదాలు అడుగుచున్నారో ఒక పూటలో తెలియును. ఎడ్ల నోరు పట్టి చూడక కొనని రైతు, వకీలును మాత్రము బస్సులో ఎవడో చెప్పిన పేరునుబట్టి కుదుర్చుకొనుట నాకు వింతగా తోచును.

కుదుర్చుకొనునప్పుడు సిగ్గుపడక అడుగవలసినవి కొన్ని కలవు. ఇటువంటి వ్యవహారములు ఇదివరలో చూచితిరా? వాయిదాకు మీరే వత్తురా, మీ జూనియరు వచ్చునా? ఫీజు ఎంత, ఏయే దశలో? ఫీజు వేరు, కోర్టు రుసుము వేరు, టైపు మొదలగు ఖర్చులు వేరు. మూడింటిని మూడుగా చెప్పించుకొని కాగితముమీద పెట్టుకొనుడు. దావా మొత్తమునుబట్టి కోర్టు రుసుము మొదటనే చెల్లింపవలసియుండును గనుక, దానిని ఫీజుగా భావించి న్యాయవాదిపై కినుక వహించువారున్నారు. గెలిచిన సొమ్ములో ఇంత వంతు ఇమ్మని అడుగుట మన దేశమున న్యాయవాదులకు నిషిద్ధము. "నీవు ఇప్పుడేమియు ఈయవలదు, వచ్చినదానిలో నాలుగవ వంతు చాలును" అనినచో అది దయ కాదు.

వకాలతునామాపై సంతకము చేయుటకు ముందు చదువుడు. అందులో రాజీపడు అధికారము కూడ న్యాయవాదికి ఇచ్చు వాక్యము సాధారణముగ నుండును. ఇష్టము లేకున్న ఆ మాట ముందే చెప్పవలెను. ఖాళీ కాగితములపై సంతకము ఎవరికిని, ఎంతటివారికైనను ఈయరాదు. అసలు పత్రములు ఇచ్చినచో జాబితా వ్రాసి అందినట్లు సంతకము తీసికొనుడు. న్యాయవాదిని మార్చుకొను హక్కు మీకున్నది. ఫీజు బాకీ ఉన్నదను నెపమున కేసు కాగితములు నిలుపుకొను హక్కు ఆయనకు లేదని సుప్రీముకోర్టు 2000 సంవత్సరమున తీర్పు చెప్పినది. వాయిదా ఎప్పుడో తెలిసికొనుటకు గుమాస్తాను బ్రతిమాలవలసిన కాలము పోయినది. ప్రతి కేసునకు పదునారు అక్షరములు, అంకెలు గల సీఎన్ఆర్ సంఖ్య యుండును; దానిని వ్రాసికొని యింటికి తెచ్చినచో, మీ మనుమడు ఫోనులో చూచి చెప్పగలడు.

ఇంత ముందుచూపు ఎందులకనగా, న్యాయవాది సేవ బాగుండలేదని వినియోగదారుల కమిషనుకు పోవ వీలులేదని 2024 మే నెలలో సుప్రీముకోర్టు తేల్చినది. దుష్ప్రవర్తనపై బార్ కౌన్సిలుకు ఫిర్యాదు చేయవచ్చును. కాని అది పోయిన గడువును తిరిగి తేదు.

మన వంతు నిజాయితీయు కొంత కలదు. చిట్టాలో దిద్దిన అంకె, చేతిలో పుచ్చుకొని జమకట్టని సొమ్ము — ఇవి న్యాయవాదికి మొదటనే చెప్పవలెను. మీరు చెప్పినదానిని ఆయన బయటపెట్టకుండ చట్టము కట్టడి చేసినది. ఎదుటి పక్షము వారి నోట మొదట విన్న న్యాయవాది ఏమి చేయగలడు?

పెద్దలమైన మనకు సంబంధించిన మాట యొకటి మిగిలియున్నది. మన పంచాయితీ తీర్పులు పరువును పట్టి నిలుచునవి. పరువు విడిచినవానిని అవి కట్టవు. లోక్ అదాలతులో కుదిరిన రాజీ యట్లు కాదు. అది డిక్రీతో సమానము; దానిపై అప్పీలు లేదు; కోర్టులోనున్న దావా అట్లు పరిష్కారమైనచో చెల్లించిన కోర్టు రుసుము తిరిగి వచ్చును. అట్లే వివాదము వచ్చినచో మధ్యవర్తి తీర్పునకు కట్టుబడుదుమని ముందే పత్రమున వ్రాసికొన్నచో, 1996వ సంవత్సరపు చట్టము ప్రకారము ఆ మధ్యవర్తి తీర్పును డిక్రీవలె అమలు జరిపింపవచ్చును. ముప్పది యేండ్లు తగవులు తీర్చిన నాకు ఈ సంగతి తెలిసినది ఈ మధ్యనే.

ఎట్లు తెలిసినదనగా, మా మేనల్లుని కుమారుడు రేపల్లెలో స్నేహితునితో కలసి ఎరువుల దుకాణము పెట్టదలచి, తండ్రివలెనే కాగితము వ్రాసిపెట్టుమని నాయొద్దకే వచ్చెను. నేను కలము ముట్టలేదు. ఇద్దరిని రైలెక్కించి తెనాలికి తీసికొనిపోయి, పూర్వము చెప్పిన న్యాయవాదియొద్దనే కూర్చుండబెట్టితిని. ఒకరు చనిపోయినచో వాటా ఎవరిది, బ్యాంకు ఖాతాపై ఎవరి సంతకము చెల్లును, ఒకరు తప్పుకొనదలచినచో సరకునకు ధర కట్టునదెవరు అని ఆయన అడుగుచుండగా, కుఱ్ఱవాండ్రిద్దరును ఒకరి మొగమొకరు చూచుకొనిరి. రెండవ ప్రశ్నయొద్ద కొంత వాదులాడుకొనిరి కూడ. తుదకు మధ్యవర్తిగా ఎవరి పేరు వ్రాయవలెననగా ఇరువురును నావైపు చూపిరి.

"పెద్దాయన బంధువు గదా, వలదు" అని న్యాయవాదిగారు, ఇరువురకును చుట్టరికము లేని ఒక విశ్రాంత ఉపాధ్యాయుని పేరు వ్రాయించిరి. పత్రము పదునొకండు పుటలైనది. ఆ నెలలోనే ఫరము నమోదునకు దరఖాస్తుపై ఇరువురును సంతకములు చేసిరి.