నృగ మహారాజు లెక్క
(బందరులో కార్తిక మాస సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

దానమహిమను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని ధర్మకర్తలు ఆదేశించారు. దానం చేయండని ఈ కృష్ణాతీర వాసులకు చెప్పనవసరం లేదు. ఇక్కడ పెట్టే చేతులకు ఎన్నడూ కొరత లేదు. పెద్దలు పెట్టిన ధర్మాన్ని, వారి సంతతి తలొక దేశంలో ఉన్నప్పుడు నిలుపుకోవడం ఎట్లా అన్నదే నేటి ప్రశ్న.

భాగవతం దశమ స్కంధంలో నృగ మహారాజు కథ మీరు విన్నదే. ఆయన ఇక్ష్వాకు పుత్రుడు, లెక్కలేనన్ని గోవులను దానం చేసినవాడు. ఒక విప్రునికి ఇచ్చిన ఆవు తప్పివచ్చి మళ్లీ రాజుగారి మందలో కలిసింది. రాజు ఎరుగక దానినే మరొకరికి ధారపోశాడు. ఇద్దరూ నాదంటే నాదని వచ్చారు. బదులుగా లక్ష గోవులిస్తానన్నా వినలేదు. కడకు ఆ మహాదాత ఊసరవెల్లియై పాడుబావిలో పడి, శ్రీకృష్ణ స్పర్శతో విముక్తుడయ్యాడు. గురువుగారి వద్ద చదువుకున్న నాడు దీనిని బ్రహ్మస్వాపహరణ దోషమని మాత్రమే గ్రహించాను. డెబ్బైలలో పడ్డాక మరొక సంగతి బోధపడింది. రాజుకు లోభం లేదు. మందకు లెక్క లేదు. అంతే.

ఇది నాకు ఎట్లా బోధపడిందో దాచకుండా చెబుతాను. మా తాతగారు అవనిగడ్డ దగ్గర మూడెకరాల మాగాణి అన్నదానానికి విడిచిపెట్టారు. 1977 నవంబరు 19, శనివారం. కార్తిక శుక్లపక్షం. ఆనాటి ఉప్పెన దివిసీమను ఏమి చేసిందో ఈ సభలోని పెద్దలకు తెలుసు. పోయినవారు ప్రభుత్వ లెక్కలోనే పదివేల దరిదాపు. ఆ తరువాత మా నాన్నగారు, ఆ పొలం కౌలు ధాన్యంతో ఏటా ఆ తిథినాడే అన్నదానం జరగాలని నిర్ణయించారు.

నాన్నగారు, అన్నగారు గతించారు. పిల్లలు హైదరాబాదు, డాలస్, మెల్బోర్న్ చేరారు. ఊరిలో మిగిలినవాణ్ణి నేనొక్కణ్ణే. కౌలు బస్తాలు నా ఇంటికే వచ్చేవి. హైదరాబాదు పిల్లలు పంపిన రూపాయలు నా సొంత ఖాతాలోనే పడేవి. వంటవారికి నా చేతితోనే ఇచ్చేవాణ్ణి. ఒక్క పైసా తినలేదు. ఒక్క చీటీ రాయనూ లేదు.

ఒకనాడు డాలస్ నుంచి అన్నగారి కుమారుడు, “బాబాయ్ గారూ, కాస్త లెక్క రాసి పంపుతారా?” అని అడిగాడు. “నన్ను లెక్క అడిగేటంతటివాడివయ్యావా?” అని ఫోను పెట్టేశాను. రెండేళ్లు మా మధ్య మాటల్లేవు. హైదరాబాదు నుంచి డబ్బూ ఆగింది. ఆ ఏడు వానలకు పంటా పోయింది. అన్నదానం జరగలేదు. ఆ తిథినాడు ఏటా వచ్చే ఒక ముసలి జాలరి మా వాకిట నిలబడి, “ఈ ఏడు లేదా పంతులుగారూ?” అని అడిగి, మరి మాట్లాడక వెళ్లిపోయాడు. ఉప్పెనలో ఇంటిల్లిపాదినీ పోగొట్టుకున్నవాడతను. ఆ పంక్తి భోజనమే అతనివారందరికీ తద్దినం.

ఆ రాత్రి కూర్చుని, జ్ఞాపకమున్నంత మేర లెక్క రాశాను. నలభై మూడు వేల రూపాయలకు ఆనవాలు దొరకలేదు. నేను తినలేదని నాకు తెలుసు. అన్నదానానికే పోయిందని మాత్రం రుజువు లేదు. నా ఆవు, ధర్మపు ఆవు ఒకే మందలో కలిసిపోయాయి. ఆ మొత్తం నా పింఛనులోంచి కట్టి, పిల్లవాడికి ఫోను చేసి క్షమించమన్నాను. వాడన్నాడు కదా: “అనుమానించి అడగలేదు బాబాయ్ గారూ. మా పిల్లలకు తాతగారి పొలం సంగతే తెలియదు. కాగితం ఉంటే చూపిద్దామనుకున్నాను.”

అటు తరువాత చేసినవి చెబుతాను. మొదట ధర్మలేఖ రాయించి రిజిస్టరు చేయించాము. ధర్మనిధికి వేరు ఖాతా తెరిచాము. చెక్కుపై రెండు సంతకాలు. రెండవ సంతకం మా వంశం వారిది కాదు, ఊరిలోని విశ్రాంత ఉపాధ్యాయునిది. కౌలుకు రసీదు, బియ్యానికి బిల్లు తప్పనిసరి. ఆడిటరు చూసిన లెక్క ఉగాదికల్లా అందరికీ చేరాలి.

డాలస్ పిల్లవాడు అమెరికా పౌరుడు. ఓసీఐ కార్డు ఉన్నా అతడిచ్చేది 2010 నాటి చట్టం ప్రకారం విదేశీ విరాళమే. దానికి కేంద్ర హోంశాఖ అనుమతి, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా ఉండాలి. భారత పౌరసత్వం నిలుపుకున్న మెల్బోర్న్ అమ్మాయి తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. కనుక వాని సొమ్ము వద్దన్నాము, శ్రమ తీసుకున్నాము. పద్దు పుస్తకం కంప్యూటరులో రాసేది నేడు వాడే. ఆదివారం ఉదయం తొమ్మిదికి మేమిక్కడ కూర్చుంటే డాలస్‌లో శనివారం రాత్రి, మెల్బోర్న్‌లో ఆదివారం మధ్యాహ్నం. మూడు నెలలకొకసారి ఆ వేళకు అందరమూ తెరపై కలుస్తాము.

దాత దూరాన ఉండడం ధర్మానికి లోపం కాదు. గుడివాడ ప్రాంతపు రామాపురంలో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు గారు చిత్రసీమలో ఉండి గుడివాడ కళాశాలకు విరాళమిచ్చారు. దానిని నడిపినవారు స్థానికులు. నేటికీ అది ఆయన పేరుతోనే ఉంది. పట్టాభి సీతారామయ్యగారు ఈ బందరులోనే 1923లో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమైంది. పేరు పోయినా పుస్తకాలు పోలేదు. అందుచేతనే దాచుకున్నవారి సొమ్ము భద్రంగా ఉంది. మనిషి జ్ఞాపకానికి అటువంటి భద్రత లేదు.

లెక్క అడగడం అవమానమని పెద్దలు తలచరాదు. అడిగే పిల్లవాడు ఆ ధర్మంలో తనకూ పాలుందని చెబుతున్నాడు. అడగడం మానేసిన నాడే మనం భయపడాలి.

ఇంటికి వెళ్లాక, మీ పెద్దలు పెట్టిన ధర్మానికి పద్దు పుస్తకం ఎక్కడుందో వెదకండి. లేకపోతే ఈ కార్తికంలోనే మొదటి పద్దు రాయండి. రాసినది దూరాన ఉన్న పిల్లలకు, వారు అడగకముందే పంపండి.

స్వస్తి.