కంప్యూటరు భాషల పరామర్శ గ్రంథములు



గ్రంథాలయమున నవలను ఇంటికి ఇత్తురు. నిఘంటువును మాత్రము ఇక్కడనే చూచుకొని పొమ్మందురు. నిఘంటువును మొదటి పుట నుండి చదువువాడు లేడు. వచ్చినవానికి కావలసినది ఒక్క మాట. అది దొరికినంతనే లేచిపోవును. కంప్యూటరు భాషలకును ఇట్టి పరామర్శ గ్రంథములు కలవు. మన పిల్లలు పలువురు ఆ భాషలు నేర్చి జీవించుచున్నారు గాన, ఆ గ్రంథములు ఎట్లుండవలెనో కొంత మనవి చేసెదను.

ఐ.బి.ఎం. 704 యంత్రమునకై ఫోర్ట్రాన్ భాషా పరామర్శ గ్రంథము 1956లో వెలువడినది. ఒక పనిని ఇన్నిమార్లు చేయుమని యంత్రమునకు చెప్పుటకు ఆ భాషలో 'డూ' అను ఆజ్ఞ కలదు. పదిమందికి పింఛను వ్రాయుమనిన పదిమార్లు వ్రాయును. మరి జాబితాలో ఒక్కరును లేనిచో? 1966 నాటి ప్రమాణము అట్టి స్థితి రాకూడదని మాత్రము విధించెను. వచ్చినచో ఏమి జరుగవలెనో చెప్పలేదు. పెక్కు యంత్రములలో ఆ పని ఒకసారి జరిగియే తీరెడిది. అనగా లేని మనిషికి ఒక పద్దు పడునన్నమాట! లెక్క సున్న అయినచో పని ఒక్కసారియు జరుగరాదని 1978లో ఆమోదము పొందిన ఫోర్ట్రాన్ 77 ప్రమాణము స్పష్టపరచినది. పదిమార్ల సంగతి ఎవరికైనను తెలియును. గ్రంథము తెరచువాడు సున్న సంగతి కొరకే తెరచును.

ఇప్పటి ఉదాహరణమొకటి చూతము. పైథాన్ భాషలో 'రౌండ్' అను సాధనము భిన్నమును సవరించి దగ్గరి పూర్ణసంఖ్యను ఇచ్చును. 2.4 అయిన 2, 2.6 అయిన 3. మరి 2.5 అయినచో? బడిలో మనకు 3 అని నేర్పిరి. 2008 డిసెంబరులో వెలువడిన పైథాన్ 3 ఇచ్చునది 2. అదే 3.5కు 4 ఇచ్చును. సరిగా నడుమ నిలిచిన సంఖ్యను సరిసంఖ్య వైపునకు త్రోయుట దాని నియమము. ఎల్లప్పుడు పైకే త్రోసినచో పెద్ద పట్టీలో మొత్తము ఉబ్బిపోవును గదా! అంతకు ముందటి పైథాన్ 2 మాత్రము మన బడిలెక్క వలెనే 3 ఇచ్చెడిది. పాత ప్రోగ్రామును క్రొత్త పైథానునకు మార్చినవానికి అర్ధరూపాయి వచ్చినచోటనెల్ల రూపాయి తేడా రావచ్చును. "దగ్గరి పూర్ణసంఖ్యను ఇచ్చును" అని ఒక్క వాక్యము వ్రాసి ఊరకున్నచో అందు అసత్యము లేదు. కాని జీతముల పట్టీ వేయువానికి అది చాలదు.

పైథాన్ గ్రంథము ఇంకొక మాటయు చెప్పినది. 2.675ను రెండు దశాంశములకు సవరింపుమనిన 2.68 వచ్చునని మనమనుకొందుము, వచ్చునది 2.67. ఇది యంత్రదోషము కాదని ఆ పుటలోనే హెచ్చరించి కారణము తెలిపినారు. యంత్రము సంఖ్యలను సున్న, ఒకటి అను రెండంకెలతోనే దాచును. మూడవవంతును దశాంశములలో ముగించి వ్రాయలేనట్లే, 2.675ను ఆ రెండంకెలతో ముగించి వ్రాయజాలము. దాచబడినది రవ్వంత తక్కువ. ధనము లెక్కించువారికి 'డెసిమల్' అను వేరొక సాధనము కలదు. ఆ మాటయు ఇట్టిచోటనే చెప్పుట మేలని నా అభిప్రాయము.

పరామర్శ గ్రంథము క్లుప్తముగా ఉండవలెనని వాదించువారు కలరు. ఉండవలసినదే. చిన్నయసూరి గారి బాలవ్యాకరణము కంటె క్లుప్తమైనది మనకేమున్నది? వారును సూత్రముల క్రింద ఉదాహరణములు ఇచ్చిరి.

లోపములు కనిపెట్టుట అనుభవశాలికి కష్టము. అతడు పుటలో లేని మాటను తన మనసులోనే చేర్చుకొని చదువును. తడబడిన క్రొత్తవాడే ఇందుకు తగినవాడు. అతడును తడబడిననాడే వ్రాసిపెట్టుకొనవలెను, నెల గడచిన అతనికిని ఆ లోపము కనబడదు. పైథాన్ గ్రంథమునకు ఎవరైనను సవరణ వ్రాసి పంపవచ్చును. ఆ భాషను నిర్వహించువారు పరిశీలించి తగినదైన చేర్చెదరు. "అర్థము కాలేదు" అని మాత్రము వ్రాసిన ఫలము లేదు. ఏ వాక్యము చదివితిమి, ఏమి వచ్చుననుకొంటిమి, యంత్రము ఏమి ఇచ్చినది, ఈ మూడును తెలుపవలెను. ఇంగ్లీషు చక్కగా రాదని మన పిల్లలు జంకుచున్నారు. 2.5కు 2 వచ్చినదని చెప్పుటకు ఎంత ఇంగ్లీషు కావలెను?