గన్ మోడల్ చివర్లో.. ముందు ఈ మూడు తేల్చుకోండి

డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్‌లో ఉంటున్న మనవాళ్లు చాలామంది అడుగుతున్నారు, "అన్నా, ఫస్ట్ టైమ్ గన్ కొంటున్నా. గ్లాక్ తీసుకోవాలా, సిగ్ తీసుకోవాలా?" అని. మోడల్ గురించి చెప్తాను. కానీ అది చివరి ప్రశ్న. దానికంటే ముందు మూడున్నాయి.

ఒకటి, మీ వీసా. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు గన్ కానీ, బుల్లెట్లు కానీ కొనకూడదు, దగ్గర పెట్టుకోకూడదు. ఇది ఫెడరల్ చట్టం. టెక్సాస్ రూల్స్ ఎంత ఫ్రీగా ఉన్నా ఇది మారదు. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, నిజమే. కానీ వీడియోలు చూసి వాటిని నమ్ముకోకండి, నా వీడియో అయినా సరే. ముందు లాయర్‌ని అడగండి. "నీకు గ్రీన్ కార్డ్ ఉంది కదా బావా, నా కోసం నువ్వు కొనిపెట్టు" అనే ఐడియా అస్సలు వద్దు. షాపులో నింపే 4473 ఫామ్‌లో అసలు కొనేది మీరేనా అని అడుగుతారు. కొనకూడనివాళ్ల కోసం కొనిపెడితే 2022లో వచ్చిన చట్టం ప్రకారం 15 ఏళ్ల వరకు జైలు. ఇక వీసా సంగతి వేరే చెప్పాలా!

రెండు, మీ ఇల్లు. బీరువా పైన, బట్టల కింద దాచాం అంటారు. ఇంట్లో ఏ డబ్బా ఎక్కడుందో పిల్లలకి మనకంటే బాగా తెలుసు. టెక్సాస్‌లో 17 ఏళ్లలోపు పిల్లల చేతికి లోడ్ చేసిన గన్ అందేలా వదిలేస్తే అది నేరం. అందుకే గన్ ఇంటికొచ్చే ముందే లాక్‌బాక్స్ రావాలి. ఇంకో మాట, కొంచెం సీరియస్‌గా వినండి. అమెరికాలో గన్ వల్ల పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఉద్యోగం పోయి రూమ్మేట్ డల్‌గా ఉన్నాడు, లేదా మీకే మనసు బాగోలేదు అంటే, ఆ టైమ్‌లో ఇంట్లో గన్ ఉండకూడదు. 988కి ఫోన్ చేయండి, పగలైనా రాత్రైనా పలుకుతారు.

మూడు, హోల్‌స్టర్. వెయ్యి డాలర్లు పెట్టి గన్ కొని, పది డాలర్ల గుడ్డ హోల్‌స్టర్‌లో పెట్టేవాళ్లున్నారు. హోల్‌స్టర్ అసలు పని ట్రిగ్గర్‌ని కాపాడటం. ట్రిగ్గర్ గార్డ్ మొత్తం గట్టి మెటీరియల్‌తో కప్పి ఉండాలి. కైడెక్స్‌ని ఎక్కువమంది వాడేది అందుకే. గన్ బయటికి తీశాక కూడా హోల్‌స్టర్ మూతి ముడుచుకుపోకూడదు. నడుముకి గట్టి బెల్ట్ కావాలి. ట్రాక్ ప్యాంట్ జేబులో, తాళాల పక్కన గన్ వేసుకుని తిరగడాన్ని క్యారీ అనరు. గన్ తిరిగి పెట్టేటప్పుడు చూసి, నిదానంగా పెట్టండి. షర్ట్ కొస, జాకెట్ తాడు ట్రిగ్గర్‌కి చిక్కుకున్నా పేలొచ్చు.

ఈ మూడూ ఓకేనా? ఇప్పుడు గన్. కొత్తవాళ్లకి 9ఎంఎం సరిపోతుంది. బుల్లెట్లు ఎక్కడైనా దొరుకుతాయి, రీకాయిల్ మరీ ఎక్కువుండదు. గ్లాక్ 19కి 4 అంగుళాల బ్యారెల్, 15 రౌండ్ల మ్యాగజైన్. సిగ్ పి365 దానికంటే చాలా చిన్నది, మామూలుగా 10 రౌండ్లతో వస్తుంది, షర్ట్ కింద కనపడదు. కానీ గన్ చిన్నదయ్యే కొద్దీ చేతిలో ఎగురుతుంది, గురి కుదరడం కష్టం. రివ్యూలు చూసి ఆర్డర్ పెట్టకుండా, రేంజ్‌లో రెండూ అద్దెకి తీసుకుని 50 రౌండ్లు చొప్పున కాల్చి చూడండి. స్లైడ్ మీ చేత్తో సులువుగా లాగగలుగుతున్నారా? వేలు ట్రిగ్గర్‌కి సరిగ్గా అందుతోందా? మీ చెయ్యే చెప్తుంది. బడ్జెట్ మొత్తం గన్ మీదే పెట్టేయకండి. లాక్‌బాక్స్, హోల్‌స్టర్, ఒక క్లాసు, ప్రాక్టీస్ బుల్లెట్లు, వీటికి ముందే పక్కన పెట్టుకోండి.

టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి, 21 ఏళ్లు నిండి చట్టపరంగా అర్హత ఉన్నవాళ్లు పర్మిట్ లేకుండానే క్యారీ చేయొచ్చు. అలాగని అన్ని చోట్లకీ కాదు. స్కూల్, పోస్టాఫీస్ వద్దు. ఎర్రగా 51 శాతం అని బోర్డున్న బార్ వద్దు. గుడి అయినా, షాప్ అయినా గేటు దగ్గర గన్ వద్దని బోర్డుంటే లోపలికి తీసుకెళ్లొద్దు. పర్మిట్ అక్కర్లేకపోయినా ఎల్‌టీసీ క్లాసు చేయండి. చట్టం తెలుస్తుంది, వేరే కొన్ని రాష్ట్రాల్లోనూ పనికొస్తుంది.

చివరగా, రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగుతో ఇండియా వెళ్లకండి. అడుగున ఒక్క బుల్లెట్ మిగిలిపోయి శంషాబాద్ స్కానర్‌లో కనపడినా ఆయుధాల చట్టం కింద కేసు అవ్వొచ్చు.

కొనాలా వద్దా అనేది మీ ఇష్టం. కొంటే మాత్రం ఈ వరసలోనే వెళ్లండి. డౌట్స్ ఉంటే కామెంట్ పెట్టండి. ఉంటాను మరి, జాగ్రత్త.