శోకము - శ్లోకము

దుఃఖము లేనిదే కళ పుట్టదని లోకమున ఒక మాట కలదు. దానికి ఆదికవినే సాక్షిగా చూపుదురు. క్రౌంచముల జంటలో ఒకటి నేలకూలగా వాల్మీకి శోకమే శ్లోకమైనదని 9వ శతాబ్దిలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున చెప్పెను. ఆ గ్రంథమునకు వ్యాఖ్య వ్రాసిన అభినవగుప్తుడు ఇచ్చట మనలను హెచ్చరించెను. ఆ శోకము ముని సొంత శోకమని తలపరాదట. నిజముగా దుఃఖమున మునిగినవానికి శ్లోకము చెప్పు స్థితియే ఉండదట.

ఈ మాటను మన రామదాసు కీర్తనలతో సరిచూచుకొందము. 17వ శతాబ్దిలో కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహశీలుదారు. సర్కారు పైకముతో భద్రాచలమున రామునికి గుడి కట్టించి, గోలకొండ చెరలో పడెనని ప్రతీతి. ఆయన మొర ఎట్టిది? ప్రాకారమునకెంత, సీతమ్మవారి పతకమునకెంత అని వరహాలలో పద్దులు చదివి స్వామిని నిలదీసెను. పిమ్మట, దెబ్బలకు తాళలేక తిట్టితినని ఆ స్వామినే మన్నింపు వేడెను. శిస్తు లెక్కలు చూచిన ఉద్యోగి తన కచేరీ భాషనే పాటగా మలచెను. ఆ చెరలో బాధపడినవారు ఎందరో ఉందురు. పద్దును పదముగా మార్చినవాడు గోపన్న. నేడు ఆ కీర్తన రేడియోలో వినవచ్చినప్పుడు, ఏ చెరయు ఎరుగని మనకు కన్ను చెమర్చును.

గుఱ్ఱం జాషువాగారు (1895-1971) దారిద్ర్యమును, కులభేదమును తమ గురువులని చెప్పుకొనిరి. 1941లో వెలువడిన వారి 'గబ్బిలము'లో నాయకుడు సంఘము అంటరానివాడని వెలివేసిన నిరుపేద. కాళిదాసుని యక్షుడు మేఘమును పంపినట్లు, ఇతడు గబ్బిలముచేత శివునికి తన గోడు చెప్పి పంపును. గబ్బిలమే ఏల? గుడిలోనికి దానికి ప్రవేశమున్నది, ఇతనికి లేదు. బాధను సంఘము ఇచ్చినది. గబ్బిలమును ఎన్నుకొన్నది కవి ప్రజ్ఞ.

కావున దుఃఖము కళకు ముడిసరకు కావచ్చును. ఒకని బాధను వేరొకడు తనదిగా అనుభవించునట్లు రూపుకట్టించు నేర్పే కళ యని మా అభిప్రాయము. ఈ భేదమును మరచుట అపాయకరము. పస్తులున్ననే పాట పండునని పలుకువారు కళాకారుని ఆకలికి చక్కని సాకు కల్పించుచున్నారు. అవమానములు లేకున్న జాషువాగారు 'గబ్బిలము' వ్రాసియుండరేమో. అయినను, అట్టి కావ్యము వ్రాయవలసిన పనియే లేని లోకమును ఆ కావ్యము కోరినది.