ఎవరి పొదుపు ఎంత?

ఇద్దరు తోడికోడళ్ళు నెలాఖరున లెక్కలు చూసుకుంటున్నారనుకోండి. “మా ఇంటి ఖర్చు నాలుగోవంతు తగ్గించేశానక్కా!” అంటుంది చిన్నావిడ. పెద్దావిడ తెల్లబోతుంది. తను ఎంత గింజుకున్నా పదోవంతైనా తగ్గలేదాయె. తీరా ఆరా తీస్తే, చిన్నావిడ కొడుకులిద్దరూ ఉద్యోగాలకని పై ఊళ్ళు వెళ్ళిపోయారట. ఖర్చు తగ్గింది, సరే. ఆవిడ తగ్గించిందేముంది?

దేశాల సంగతీ ఇలాగే ఉంది సుమండీ. భూమి వేడెక్కకుండా బొగ్గుపులుసు వాయువు వగైరాలను అదుపుచేస్తామని 2015లో, పారిస్ ఒప్పందం సందర్భంగా, ఎవరికి వారే మాట ఇచ్చారు. 2030 నాటికి 1990 కంటే 25 నుంచి 30 శాతం తగ్గిస్తామంది రష్యా. కాని 1991లో సోవియట్ యూనియన్ విడిపోయి, ఎన్నో ఫ్యాక్టరీలు మూతబడి, అక్కడి పొగ అప్పటికే ఆ మేరకు తగ్గిపోయింది! అమెరికా 2005తో పోల్చుకుంది, జపాన్ 2013తో. ఫుకుషిమా ప్రమాదం తరువాత అణువిద్యుత్తు ఆగి, బొగ్గు, గ్యాసు ఎక్కువగా కాల్చిన రోజులవి. ఒకరు సోలతో, ఒకరు తవ్వతో కొలిచినట్లు లేదూ?

అందుకే ఆర్థికవేత్తలు వేరే ప్రశ్నలు వేస్తారు. ఈ మాట ఇవ్వకపోతే ఆ దేశం పొగ ఎంత ఉండేది? ఇంకొక్క టన్ను తగ్గించడానికి ఎంతవుతుంది? మొత్తం ఖర్చు దేశాదాయంలో ఎన్నో వంతు? జపాన్ 1973 చమురు సంక్షోభం నాటినుంచీ ఇంధనం పొదుపు చేస్తున్న ఇల్లు. ఒబ్బిడిగా వాడే ఇల్లాలిని ఇంకా తగ్గించమంటే కష్టమే కదా! మన దేశం, ఆదాయంలో ప్రతి రూపాయికీ వెలువడే పొగను 2005 కంటే 33 నుంచి 35 శాతం తగ్గిస్తానంది. మొత్తం పొగ తగ్గిస్తానని కాదు. అప్పటికి ఇంకా దీపాలు వెలగవలసిన ఇళ్ళున్న దేశం మరి.

అయితే ఖర్చునొక్కదాన్నే చూసి మురిసిపోకూడదు. రూపాయితో అయ్యే పని పది రూపాయలకు చేయించుకున్నావిడను పొదుపరి అంటామా? పైగా “లేకపోతే ఎంత ఉండేది” అన్నది ఊహే. లెక్కవేసేవారిని బట్టి మారుతుంది. అందుచేత ఒక్క కొలత చాలదు, నాలుగైదు పక్కపక్కన పెట్టి చూడాలంటారు.

2023లో దుబాయిలో తొలిసారి లెక్క తేల్చారు, కాని అందరిదీ కలిపి. ఎవరు ఎంత పాటుపడ్డారో ఆ లెక్కలో విడదీయరు. ఉమ్మడి సంసారంలో ఏ కోడలు ఎంత పొదుపు చేసిందన్నది, అడిగేవాళ్ళు వేరే ఉంటేనే తెలిసేది.